ముత్యం విషయంలో బావ నిర్ణయం

మా బావ సుబ్బు వారమంతా లారీ తోలతాడు, ఆదివారాలు పెళ్ళికొడుకుల్ని ఊరేగిస్తాడు. తెనాలి నుంచి ఈ పరాయి దేశానికి చదువుకోవడానికి వచ్చి, క్రాన్‌బర్న్ అనే ఊరు దాటాక అద్దె పొలంలో స్థిరపడ్డవాడికి గుర్రాల పిచ్చి ఎలా పట్టిందో మా అక్క జయశ్రీకి కూడా తెలియదు. ముత్యం తెల్లటి పోతుగుర్రం. తలపాగా మనిషి ఎక్కితే చాలు, మెడ విల్లులా వంచి డప్పుకు తగ్గట్టు అడుగులేస్తుంది.

చిక్కల్లా ఆడగుర్రం వాసన తగిలినప్పుడే. జనంలోకి తీసుకెళ్ళాలంటే విత్తులు తీయించక తప్పదని గుర్రాల డాక్టరు మేగన్ చెప్పింది. బావకేమో ముత్యానికి పుట్టే తెల్లపిల్ల కావాలి.

"మగాడివి కదా, నీకే నొప్పి పుడుతోంది," అంది అక్క.

"అడక్కుండా తీసేస్తే దానికెంత ఇన్సల్ట్, జయా."

"అయితే అడుగు. వద్దంటే మానేద్దాం."

బావ నిజంగానే షెడ్డులోకి వెళ్ళి దాని చెవిలో చాలాసేపు మాట్లాడాడు. ముత్యం ఆయన టోపీ నమిలింది. అంటే వద్దన్నట్టేనని బావ తేల్చాడు. చివరికి అక్క షరతు పెట్టింది. వచ్చే ఆదివారం సుమంత్ అనే కుర్రాడి పెళ్ళి ఊరేగింపు సవ్యంగా సాగితే సరే, లేదంటే మేగన్‌కు ఫోన్.

సుమంత్ వాళ్ళది కరీంనగర్. ఆ ఆదివారం పెళ్ళి హాలు కార్‌పార్కులో డప్పులు మొదలయ్యాయి. నేను క్యారెట్ల సంచి పట్టుకుని వెనకాల నడిచాను. సుమంత్‌ను ఎక్కించుకుని ముత్యం బంగారంలా నడుస్తోంది. బావ అక్క వైపు గర్వంగా చూశాడు.

అప్పుడు గాలి తిరిగింది. పక్క హాల్లో గుజరాతీ పెళ్ళి. వాళ్ళ గుమ్మం దగ్గర బగ్గీకి కట్టిన ఆడగుర్రం తోక ఊపింది. ముత్యం ఒక్క సకిలింపు సకిలించి, కళ్ళెం పట్టుకున్న బావతో సహా అటు దౌడు తీసింది. డప్పులవాళ్ళు ఇదేదో కొత్త స్టెప్పు అనుకుని వెంట పరుగెత్తారు.

తెల్లగుర్రం, తలపాగా, డప్పులు చూసి ఆ పెళ్ళివాళ్ళు తమ అల్లుడే ముందుగా వచ్చేశాడనుకున్నారు. అత్తగారు హారతి పళ్ళెంతో ఎదురొచ్చింది. హారతి కనబడగానే సుమంత్ అలవాటుగా తల వంచాడు. వాళ్ళ పద్ధతి ప్రకారం ఆమె అతని ముక్కు పట్టి గట్టిగా లాగింది. లాగాక ముఖం చూసింది.

రెండు పెళ్ళిళ్ళ జనం కడుపులు పట్టుకుని నవ్వారు. అత్తగారు నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూర్చుంది. బావ ఒక్కడే నవ్వలేదు.

ఎర్రబడ్డ ముక్కుతో సుమంత్ గుర్రం మీంచి అన్నాడు: "అన్నా, నాకు పెండ్లి కావాలె, దీనికి గూడ పెండ్లి కావాలె. ఒక్కటే రోజు ఇద్దరికి కుదరదు గదా."

బావ ముత్యం మెడ నిమిరి, నాకు కళ్ళెం అందించి, తనే మేగన్‌కు ఫోన్ చేశాడు.

ఆ వారమే ఆమె వచ్చి పని కానిచ్చింది. మత్తు దిగక ముత్యం తూలుతూ లేచి నిలబడింది. బావ పరుగున దుప్పటి తెచ్చి, పక్క పొలం కంచె వైపు రెండు చేతులతో చాపి పట్టుకున్నాడు.

"పెళ్ళిపీటల మీద తెర పట్టినట్టు ఏంటది?" అంది అక్క.

"అవతల ఆడగుర్రాలున్నాయి జయా. దాని పరువు."

నేను కంచె దాకా వెళ్ళి చూశాను. అవి గడ్డి మేస్తున్నాయి. ఒక్కటీ తలెత్తలేదు. ఆ సంగతి బావకు చెప్పలేదు.