నేను తెరవని మెయిల్

శృంగవరపుకోటలోని మా ఎరువుల డిపోకి కొత్త మెయిల్ ప్రోగ్రాం కావాలని ఎవడూ ఏడవలేదు. పాతదే బాగుండేది. నెమ్మదైనా దాని మానాన అది నడిచేది. పైగా దాంట్లో ఏ మెయిలైనా రెండుసార్లు నొక్కితేనే తెరుచుకునేది. ఆ రోజుల్లో నా సంసారమంతా ఆ రెండు నొక్కుళ్ల మీదే నిలబడి ఉంది.

ఎందుకంటే అనంతపురానికి నా బదిలీ ఉత్తర్వు అందులో నల్లటి లావు అక్షరాలతో, తెరవకుండా పడి ఉంది. తెరిస్తే చాలు, చదివినట్టు హెడ్డాఫీసుకి దానంతటదే రశీదు వెళ్లిపోతుంది. మర్నాడే రిలీవ్ అవ్వాలి. తెరవకపోతే మాత్రం "ఇక్కడ నెట్ సరిగా లేదండీ, ఏమీ రాలేదు" అని ఫోన్లో నసగొచ్చు. విజయనగరంలో మా ఆవిడకి ఏడో నెల. మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పగలు పక్కింటావిడ చూసేది, మిగతాదంతా నేనే. ఉత్తర్వు రాకముందే ఆ మాట చెప్పుకుని బతిమాలితే, "ఇళ్లు అందరికీ ఉన్నాయి" అన్నారు పైవాళ్లు. అనంతపురం కావాలని ఆ ఊరివాడే ఒకతను తిరుగుతున్నాడట. నెలాఖరు దాకా నెట్టుకొస్తే ఆ పోస్టు అతనికే ఇచ్చేస్తారని ఆశ.

స్టోర్స్ చూసే పెద్దాయన రోజూ హెచ్చరించేవాడు. "బావా, దాన్ని ముట్టుకోకు. సూసినా సూడనట్టుండు."

నెలాఖరు ఇంక వారం ఉందనగా హెడ్డాఫీసు కంప్యూటర్ విభాగం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మా కంప్యూటర్లో మెయిల్ ప్రోగ్రాం కొత్త వెర్షన్ అక్కడినుంచే వేస్తుందట. తెర మీద అనుమతి అడిగితే సరే అని నొక్కాను, నొక్కక చస్తానా! అంతే, మౌస్ నా చేతిలోనే ఉంది గానీ తెర మీది బాణం నా మాట వినడం మానేసింది. నీలం గీత నిండింది, ప్రోగ్రాం కొత్త రంగుల్లో తెరుచుకుంది. ఆ అమ్మాయికి ఒకటే సంబరం.

"క్యాలెండర్ కూడా ఇందులోనే సార్. వెతకడం కూడా తేలిక. అన్నిటికన్నా మంచిదేంటంటే, ఇక రెండుసార్లు నొక్కక్కర్లేదు. ఒక్కసారి నొక్కితే మెయిల్ మొత్తం పక్కనే కనిపిస్తుంది. చూపించనా?"

"వద్దమ్మా, అర్థమైంది."

"ఒక్క నిమిషం సార్. ఇదొక్కటే చదవనిది ఉంది కదా, దీంతో చూపిస్తా."

"అది వద్దు!" అని అరిచాను. "భయపడకండి సార్, ఏమీ పోదు," అంది. ఎందుకు వద్దో హెడ్డాఫీసు మనిషికి ఏమని చెప్పను? మౌస్ ఎంత లాగినా బాణం కదల్లేదు. ప్లగ్ పీకేద్దామని బల్ల కిందకి దూరాను. అన్నీ చిక్కుపడ్డ వైర్లు, ఏది దేనిదో తెలిసి చావలేదు. లేచి చూసేసరికి ఉత్తర్వు తెర నిండా పరుచుకుని ఉంది. లావు అక్షరాలు సన్నబడిపోయాయి.

"బాగుందా సార్?"

"బాగుందమ్మా," అన్నాను.

వెనక నిలబడి చూస్తున్న పెద్దాయన యూరియా బస్తా మీద కూలబడ్డాడు. "అయిపోనాది బావా."

సాయంత్రం బస్సులో ఉండగానే హెడ్డాఫీసు ఫోన్ వచ్చింది. మెయిల్ చూసుకున్నారు కదా, రేపు రిలీవ్ అయిపోండి అన్నారు.

ఇంట్లో అడుగు పెట్టగానే మా ఆవిడ మంచం మీంచి రోజూ అడిగే మాటే అడిగింది. "తెరవలేదు కదా?"

"నేను తెరవలేదు."

నా మొహం చూసి పసిగట్టేసింది. "మరెవులు తెరిసీసినారు?"

జరిగిందంతా చెప్పాను. పొట్ట మీద చెయ్యేసుకుని పైకి చూసింది.

"సూట్‌కేసు అటక మీదున్నాది," అంది. "నన్ను లెగొద్దన్నారు కదా. మీరే దింపుకోండి."