మలుపులో గుమ్మడికాయ

ఈమధ్య మా వీధి దుకాణంలో బూడిద గుమ్మడికాయను ముక్కలు కోసి, ప్లాస్టిక్ చుట్టి అమ్ముతున్నారు. నిండు కాయ కావాలంటే ముందురోజే చెప్పాలట. వడియాలు పెట్టే ఓపిక నాకెలాగూ లేదు గానీ, మనసు మాత్రం చివుక్కుమంటుంది. ఆ రోజుల్లో, అంటే డిగ్రీ పూర్తయి, నేను కంటబడినప్పుడల్లా మా నాన్న నిట్టూర్చే కాలంలో, నా ఉద్యోగ జీవితాన్ని నిలబెట్టింది ఒక నిండు గుమ్మడికాయే. నిలబెట్టే ముందు కింద పడేసిందనుకోండి.

ఉద్యోగం అంటే రోడ్డు భద్రత ప్రచారం. ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు మెరిసే పసుపుపచ్చ కోటు (వలకు చేతులు కుట్టినట్టుండేది), ఒక బైకు, గోనెసంచి నిండా హెల్మెట్లు ఇచ్చి నన్ను జిల్లా ఉత్తరపు కొసకు తోలారు. కావలి దగ్గర హైవే వదిలి సముద్రం వైపు పోతే, అంబులెన్సు కూడా దారి అడుక్కుంటూ వచ్చే పల్లె అది. మా పిన్నమ్మ వాళ్లది ఆ ఊరే కావడంతో తిండికీ పడకకీ లోటు లేదు. లోటల్లా నా మాట వినేవాళ్లకే.

ఊరి బయట సరుగుడు తోపు పక్కన ఒక మలుపుంది. చెట్ల చాటున ఎదురొచ్చే బండి కనపడదు. మా చిన్నాయన చేపల బుట్ట కట్టుకొని మోపెడ్ మీద రోజూ కావలి మార్కెట్టుకు అటే పోవాలి. అంతకుముందు ఏడాది రొయ్యల వ్యానును తప్పించబోయి అక్కడే పడి, తలకు కుట్లు వేయించుకున్నాడు. అప్పట్నుంచి ఆయన మార్కెట్టు చేరి ఫోను చేసేదాకా పిన్నమ్మ కాఫీ ముట్టేది కాదు. ఆయన మాత్రం తలగుడ్డతోనే కాలం వెళ్లదీస్తున్నాడు.

"ఆ హెల్మెట్టు తగిలించుకుంటే నన్నెవురు గుర్తుపడతార్రా? కొనేవాళ్లకు మొహం కనపడబళ్లా?" అనేవాడు. (ఆయన మొహం చూసి చేపలు కొన్నవాళ్లున్నారని నేననుకోను. వాళ్లింట్లో తింటూ ఆ మాట అనలేం కదా.)

"ఊరంతా వినకపోయినా పర్లేదు అబ్బయా," అనింది పిన్నమ్మ నా చేయి పట్టుకొని. "ఆయన నెత్తిన అది పెట్టించు, చాలు."

దాంతో ఆ మలుపు పక్కనే సభ పెట్టాను. చేపలమ్మే మోపెడ్లవాళ్లంతా వచ్చారు. పిన్నమ్మ ఓ పక్కన నిలబడింది. చిన్నాయన ముందు వరసలో, వద్దన్నా లాక్కొచ్చినవాడిలా కూర్చున్నాడు. నేను హెల్మెట్, కోటుతో సహా మలుపులోంచి నిదానంగా బైకు మీద వచ్చి, అందరి ముందూ ఆగి, ఉపన్యాసం మొదలుపెట్టాలని పథకం.

ఆ రోజు అమావాస్య. బండ్లు క్షేమంగా పోవాలని అమావాస్యనాడు మలుపులో గుమ్మడికాయ కొట్టడం ఆ ఊరి ఆనవాయితీ. అక్క కొడుకు సభ చల్లగా జరగాలని పిన్నమ్మ ఆ పొద్దు మరింత పెద్ద కాయ తెప్పించి, లోపల కుంకుమ నింపి, దిష్టి తీయించి, రోడ్డు నట్టనడుమ పగలగొట్టించింది. నాకు చెప్పలేదు. మంచి పని చెప్పి చేయడం ఆమెకు అలవాటు లేదు.

ముందు చక్రం గుమ్మడి గుజ్జును కలుసుకుంది. అక్కడ్నుంచి బైకూ నేనూ వేరువేరుగా ప్రయాణం చేశాం. నా తల రోడ్డు పక్క రాయికి ఠంగున తగిలి, చిన్నాయన కాళ్ల దగ్గర ఆగింది. మొహమంతా ఎర్రగా ఉండటం చూసి పిన్నమ్మ "అయ్యో, నా బిడ్డో!" అని గుండెలు బాదుకుంది. చిన్నాయన వేలితో తుడిచి వాసన చూశాడు.

"ఊరుకోవే, కుంకం!"

తర్వాత నా హెల్మెట్ ఊడదీసి, పగిలినచోట వేలు పెట్టి చూశాడు.

"లోపలికి తగల్లా?"

"లేదు చిన్నాయనా."

రాయి వంక చూశాడు. తన పాత కుట్లు తడుముకున్నాడు. నిదానంగా తలగుడ్డ విప్పి, "నాకు పట్టేదుందేమో చూడు" అన్నాడు. ఆ సాయంత్రానికి గోనెసంచి ఖాళీ. బట్టీపట్టిన ఉపన్యాసం అలాగే మిగిలిపోయింది. దిష్టి తీయబట్టే నేను బతికానని పిన్నమ్మ ఇప్పటికీ అంటుంది.

మొన్న ఆ ఊరు వెళ్లాను. చిన్నాయన పొలుసులంటిన హెల్మెట్‌తో ఇంకా మార్కెట్టుకు పోతున్నాడు. గుమ్మడికాయ ఇప్పుడు రోడ్డు దిగి, ఇసకలో పగులుతోంది. నేనిప్పుడు ఏసీ గదుల్లో, తెర మీద బొమ్మలు వేసి భద్రత పాఠాలు చెబుతున్నాననీ, అందరూ కదలకుండా వింటారనీ పిన్నమ్మతో కాస్త గొప్పగానే చెప్పాను. ఆమె కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి, నన్ను ఎగాదిగా చూసింది.

"వినేదానికేముందిలే అబ్బయా. నువ్వు పడకుండా చెప్తే ఎవురు పెట్టుకుంటారు?"