రాలినవి, తుంచినవి

బల్ల మీద పన్నెండు సిమెంటు దిమ్మెలు, అవి ఎంత బరువుకి విరుగుతాయో చూడ్డానికి వాటిని నొక్కి విరగ్గొట్టే యంత్రం, రిజిస్టరు, రెండు పెన్నులు. గదిలో నేను, మా సీనియర్ సుబ్బారావు గారు. కిటికీ అవతల, కరెంటు తీగలకి అడ్డొచ్చే వేప కొమ్మలు కొట్టేస్తున్న ఇద్దరు మనుషులు. మాచర్ల దగ్గరి ఈ ఫ్యాక్టరీ ల్యాబులో నాకు మూడేళ్ళ సర్వీసు. ఆ ఉదయం తొమ్మిదో దిమ్మె యంత్రంలో సరిగా కూర్చోక ఓరగా విరిగింది. అలా వచ్చిన అంకె పనికిరాదు. "మిగతావాటి సగటు వేసి రాసెయ్యవయ్యా, ఎవరు చూడొచ్చారు" అన్నారు సుబ్బారావు గారు. రాయబోయాను. అప్పుడే పచ్చి వేప వాసన, చేదుగా, కిటికీలోంచి గదిలోకి వచ్చింది. పెన్ను ఆగింది.

ఆ వాసన ఆరేళ్ళ వయసులో ఒక రోజంతా నా రెండు అరచేతులకీ అంటుకుని ఉంది.

నరసరావుపేటలో ఒక అద్దె డాబాలో నడిచే చిన్న ప్రైవేటు స్కూల్లో యూకేజీ చదివాను. మా టీచరు పేరు జరీనా. ఆమె భర్త గడియారాలు బాగుచేసేవారు. ఆయన పని చేసేటప్పుడు కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం లాంటిదే ఒకటి ఆమె బ్యాగులో సుద్దముక్కల మధ్య ఎప్పుడూ ఉండేది. చీమ కాళ్ళు చూపించాలన్నా, చొక్కా నేత చూపించాలన్నా అది బయటికొచ్చేది. మేం ఏది అడిగినా ముందు "చూద్దాం పా" అనేవారు. జవాబు తెలిసిన రోజుల్లో కూడా అలాగే అనేవారని నాకిప్పుడు అనుమానం.

దసరా సెలవుల ముందు మా యాక్టివిటీ పుస్తకంలో 'ఆటమ్', అంటే ఆకులు రాలే కాలం పేజీ వచ్చింది. ఎరుపు, పసుపు ఆకుల బొమ్మలు, కింద 'రాలిన ఆకులు పది ఏరి అతికించండి' అనే పని. టీచరు మా పదిహేడు మందినీ వరసకట్టించి మార్కెట్ యార్డు గోడ వెంట నడిపించారు. అక్కడ ఐదు వేపచెట్లు. కాడతో సహా మొత్తం రెమ్మని ఒక ఆకుగా లెక్కించాలని ముందే చెప్పారు. వానలు అప్పుడే తగ్గాయి. చెట్లు ముదురు పచ్చగా, నిండుగా ఉన్నాయి. నేల మీద దాదాపు ఏమీ లేదు. అరగంట వెతికి పదహారు మంది కలిసి తెచ్చినవి ఆరు. నేనొక్కణ్ణే పది తెచ్చాను. గోడెక్కితే కొమ్మ అందింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచరు కొట్టలేదు. భూతద్దం నా కంటికి ఆనించి, ఒక చేత్తో రాలిన రెమ్మ, తర్వాత నాది పట్టి చూపించారు.

"కాడ చివర చూడు నాన్నా. ఏం కనపడుతుంది?"

"ఇది నున్నగా ఉంది టీచర్. ఎండిపోయింది."

"మరి ఇది?"

"పీచు వేలాడుతుంది. తడిగా ఉంది."

"అయితే ఇది చెట్టు ఇచ్చిందా, నువ్వు తీసుకున్నావా?"

నేను అరచేతులు వెనక్కి దాచుకున్నాను. ఆమె రెట్టించలేదు. చార్టు మధ్యలో గీత గీసి ఒకవైపు 'రాలినవి: 6' అని, రెండోవైపు 'తుంచినవి: 10' అని రాసి అన్నిటినీ అతికించారు. నా పేరు రాయలేదు.

మర్నాడు తల్లిదండ్రులు వచ్చి చార్టులు చూసే రోజు. వాళ్ళకంటే ముందే స్కూలు నడిపే కరస్పాండెంట్ గారు మా గదిలోకి వచ్చారు.

"ఏందమ్మా జరీనా ఇది? పుస్తకంలో పది అంటే నువ్వు ఆరు పెట్టావు?"

"దొరికినయ్యి ఆరే సార్. మన చెట్లు ఇప్పుడు రాల్చవు."

"మన చెట్లకి ఇంగ్లీషు రాదులే! ఇయ్యిగో, పక్కన పది ఉండనే ఉన్నయ్యి గదా. ఆ 'తుంచినవి' అనే ముక్క చెరిపెయ్. లేదంటే వచ్చే ఏడు యూకేజీ ఇంకొకరికి ఇస్తా."

టీచరు నా వైపు చూడలేదు. నా గురించి చెప్పనూ లేదు. "చెరిపితే అబద్ధం అయిద్ది సార్" అని మాత్రం అన్నారు. ఆయన తనే కాగితం ముక్క ఒకటి తీసుకుని ఆ మాట మీద అంటించబోయారు. నాకు ఎక్కడలేని భయం వేసింది. ఆ భయంలోనే లేచి నిలబడ్డాను.

"అయ్యి నేనే తుంచానండి. గోడెక్కి."

"గోడెక్కావా? ఒరేయ్, పడితే మీ నాన్న నా మీదికొస్తాడు గదరా!"

ఆయన నన్నూ చార్టునీ మార్చి మార్చి చూసి, కాగితం ముక్క బల్ల మీద పడేసి వెళ్ళిపోయారు. చార్టు అలాగే ఉంది.

సెలవులయ్యాక టీచరు ఒక కొమ్మకి ఎర్రదారం కట్టి, శుక్రవారం శుక్రవారం మమ్మల్ని తీసుకెళ్ళి చూపించారు. ఆకులు ఎప్పుడు రాలతాయో ఆమె చెప్పలేదు, చూద్దాం అన్నారు. శివరాత్రి దాటాక ఒక శుక్రవారం రోడ్డంతా పసుపు ఆకులే. పది నిమిషాల్లో ఒక్కొక్కరం పది ఏరాం. ప్రతి కాడ చివరా నున్నగా ఉంది. ఆమె పుస్తకం తీసి 'ఆటమ్' పేజీ పక్కన పెన్సిలుతో 'నరసరావుపేటలో శివరాత్రి తర్వాత' అని రాశారు.

జూన్‌లో యూకేజీ నిజంగానే ఇంకొకరికి ఇచ్చారు. ఆమెని నర్సరీకి మార్చారు. నేను ఒకటో తరగతి గది నుంచి వెళ్ళి, బాధగా ఉందా టీచర్ అని అడిగాను. "ఏం బాధరా? వీళ్ళు మీకంటే చానా ప్రశ్నలు అడుగుతున్నారు" అని నవ్వారు. అది నిజమో, నా కోసం అన్న మాటో, ఏ భూతద్దంతో చూడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

రిజిస్టరులో తొమ్మిదో గడిలో 'ఓరగా విరిగింది, లెక్కలోకి రాదు' అని రాశాను. "నీతో చానా కష్టమయ్యా" అంటూ సుబ్బారావు గారు సంతకం పెట్టారు.

పరీక్షించినవి పన్నెండు. లెక్కకొచ్చినవి పదకొండు.