వాడికి అన్నం పెట్టిన రోజు

నాకు కోపమెక్కువ. నంద్యాలలో వీధి పిల్లల హోమ్ నడుపుతున్నాను కాబట్టి ఓర్పు మెండుగా ఉంటుందని జనం అనుకుంటారు. నా మొహం! ఉన్న ఓర్పంతా మా వంట అవ్వదే. గేటు దాటి ఎవరొచ్చినా, తిట్టడానికి వచ్చినా సరే, ముందు కంచం పెట్టాలంటుంది. అన్నం ముందు కూర్చున్న మనిషి చెయ్యెత్తడని ఆమె నమ్మకం. కొడవళ్లతో వచ్చిన వాళ్లు కూడా ఆమె సంగటి తిని మెత్తబడి పోవడం నేను చూశాను.

ఆ పాప రైల్వే స్టేషన్లో దొరికింది. పదకొండేళ్లుంటాయేమో. వీపు నిండా బెల్టు వాతలు, చేతుల మీద బీడీతో కాల్చిన మచ్చలు. అన్నీ కన్నతండ్రి చేసినవే. తల్లి లేదు. మొదట్లో ఎవరు దగ్గరికి పోయినా కొరికేది. మెల్లగా అవ్వ కొంగు పట్టుకుని వంటింట్లో తిరగడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం ఆ తండ్రి ఆళ్లగడ్డ బస్సు దిగి నేరుగా మా గేటు దగ్గరికి వచ్చి కాలితో తన్నాడు.

"యాడ పెట్టినారు నా కూతుర్ని? నా బిడ్డను నేను కొట్టుకుంటా, సంపుకుంటా. అడిగేదానికి మీరెవురు?"

అధికారులు పాపను మా దగ్గరే ఉంచమన్నారని చెప్పాను. వాడు నన్ను బూతులు తిట్టాడు. నేను నోరు తెరిచేలోపు అవ్వ గేటు తీసేసింది.

"ఎండన పడి వచ్చినావు. ముందు రెండు ముద్దలు తిను నాయనా. మాటలు మళ్లా మాట్లాడుకుందురు."

వాడు నిజంగానే వసారాలో కూర్చున్నాడు. నేను పోలీసులకు ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా తింటూ ఉంటే అదే చాలని పళ్లు నూరుకుంటూ నిలబడ్డాను. అవ్వ గోంగూర పప్పు మారు వడ్డించింది.

పాప వంటింటి తలుపు సందులోంచి అదంతా చూసింది. రోకలి ఎత్తుకుని పరుగున వచ్చి తండ్రి తల మీద వేయబోయింది. అది భుజానికి తగిలింది. వాడు లేచి, ఎంగిలి చేత్తోనే పాప జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. నేను వాడి మీద పడితే నా మణికట్టు కొరికాడు. గోడ మీద నెత్తురు, నేల మీద పప్పు. అప్పుడు అవ్వ ఆ రోకలే తీసి వాడి మోకాలి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు హాయిగా వినిపించింది. అందుకు నేనేమీ సిగ్గుపడను. పోలీసులు వచ్చేసరికి వాడు నేల మీద పొర్లుతున్నాడు.

ఆసుపత్రిలో పాప కనుబొమ్మకు కుట్లు వేశారు. అవ్వ పాలన్నం కలిపి తెస్తే గోడవైపు తిరిగి పడుకుంది.

"మేముండగా నువ్వెందుకొచ్చినావే మధ్యలోకి?" అని నేను కసిరాను.

"మీరు అన్నం పెట్టినారు కదా మేడం. మా అక్కను దుడ్లకు ఇచ్చేసిన దినం గూడా మా నాయన ఆ వచ్చినోనికి అట్లనే పెట్టినాడు. తినేసి అక్కను తోలకపోయినాడు."

పాప అవ్వ వైపు తిరిగింది.

"మళ్లా వస్తే పెడ్తావా అవ్వా?"

"పెట్టను."

"ఆకలితో వచ్చినా?"

ఆకలన్న మనిషిని జన్మలో కాదని ఎరగని మనిషి ఆమె. గిన్నెలో పాలన్నం ఒక ముద్ద చేసింది.

"ఆకలితో సచ్చినా పెట్టను" అంది.

పాప లేచి కూర్చుని నోరు తెరిచింది.