మూడో గడిలో రాసిన కోర్సు

మా ఇంట్లో ముందు చెయ్యి లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. మా నాయన ఉత్తర మద్రాసులో మిరపకాయల హోల్‌సేల్ వ్యాపారి. అన్నం వదిలేస్తే చెంపదెబ్బ, ఎదురు చెప్తే వీపు విమానం మోత. అవన్నీ తిని పెరిగిన నాకు కొట్టడం కూడా అబ్బింది. గొప్పగా చెప్పుకోవడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

నేను చదివిన కాలేజీలో మొదటి ఏడాది అందరికీ ఒకటే చదువు. ఏడాది చివర, కావాల్సిన కోర్సులను ఫారంలో మూడు గడుల్లో వరుసగా రాసివ్వాలి. కంప్యూటర్ కోర్సుకు అందరూ ఎగబడుతున్నారని ఆ శాఖవాళ్లు నలభై మందికి మించి తీసుకోబోమన్నారు. మార్కుల్లో నాది ముప్పై ఒకటో స్థానం. చిన్నప్పటి నుంచి నాకు ఆ ఒక్క చదువే పిచ్చి. సీటు చేతిలో ఉన్నట్టే అనుకున్నాను.

ఫారం నింపుతుంటే నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ముందే అది రాస్తావేమిరా? కావాల్సిన సరుకు మీద కన్నేసినట్టు కనపడకూడదు. మన ఆశ తెలిస్తే అమ్మేవాడు కొండెక్కి కూచుంటాడు. మొదట వేరేది అడుగు, ఆమీట మన దానికి రా."

"ఇది బేరం కాదు నాయనా."

"ఈ లోకంలో బేరం కానిది ఏముందో చెప్పు. వాదించకుండా సుమ్మా రాయరా."

తరతరాలుగా మావాళ్లు ఇట్లాగే సరుకు కొన్నారు. లోపలెక్కడో నాకూ అది తెలివైన పనే అనిపించింది. మొదటి గడిలో కెమిస్ట్రీ, రెండో దాంట్లో లెక్కలు, మూడో దాంట్లో కంప్యూటర్ రాశాను.

జాబితా గోడకు అంటించిన రోజు నా నంబరు కెమిస్ట్రీ కింద ఉంది. మార్కుల్లో నాకంటే వెనక ఉన్న నా బెంచీవాడు కంప్యూటర్ జాబితాలో ఉన్నాడు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.

"ఏమి మచ్చా, కెమిస్ట్రీయా అడిగినావు?" అని వాడు నవ్వాడు.

వాడి పళ్ల మీద గుద్దాను. పెదవి చిట్లి చొక్కా మీదికి రక్తం కారింది. కింద పడ్డాక కూడా పొట్టలో తన్నాను. ముగ్గురు పట్టుకుని లాగితే గానీ ఆగలేదు.

మర్నాడు నాయన నన్ను వెంటబెట్టుకుని కంప్యూటర్ శాఖాధిపతి గదికి వచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. ఆవిడ నా ఫారం తీసి బల్ల మీద పెట్టింది.

"మొదటి గడిలో అడిగినవాళ్లతోనే నలభై సీట్లూ నిండిపోయాయి. మీవాడూ మొదట రాసి ఉంటే వచ్చేది" అని తమిళంలో చెప్పింది. "నిన్న చేసిన పనికి కాలేజీ నుంచి పంపలేదు, దానికి సంతోషించండి."

నాయన ముఖం మాడిపోయింది. ఆవిడ ముందే నా చెంప పగలగొట్టాడు.

"ఎవురు రాయమన్నారురా నిన్ను? నీ చేత్తో నువ్వే కదా రాసుకున్నావు!"

కోపం నసాళానికి అంటింది. ఇంకో దెబ్బకు లేచిన చెయ్యి గాల్లోనే పట్టుకుని వేళ్లు వెనక్కి విరిచాను. ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు. నేను వదల్లేదు. ఎండుపుల్ల విరిగిన చప్పుడు వినిపించింది. ఆవిడ కేకలు పెట్టింది.

ఆసుపత్రిలో డాక్టరు కట్టు కడుతూ, నొప్పి మరిపించడానికి కాబోలు, అబ్బాయి ఏం చదువుతున్నాడని అడిగాడు.

"కెమిస్ట్రీ సార్. వాడు ఆశపడింది కంప్యూటర్. వచ్చేదే. తెలివి ఎక్కువై నేనే చెడగొట్టినాను" అన్నాడు నాయన.

ఆయన తప్పు ఒప్పుకోగా నేను అంతకు ముందెన్నడూ వినలేదు.

వేళ్లు ఎట్లా విరిగాయని డాక్టరు అడిగాడు.

"మిరపకాయల మూట మీద పడింది సార్."

డాక్టరు నమ్మలేదు. నా వైపు చూశాడు. నిజం చెప్పడానికే నోరు తెరిచాను.

"అవును సార్, పెద్ద మూట" అన్నాను.