తల లేని లవంగం

నేను డ్రమ్స్ వాయిస్తానంటే ఎవరూ నమ్మరు. నలుగురిలో నోరు విప్పని మనిషిని. అక్క సినిమాల్లో పాడుతుందంటే మాత్రం వెంటనే నమ్మి సెల్ఫీ అడుగుతారు. నాతో కాదు, అక్కతో ఇప్పించమని.

రాజమండ్రిలో మాది నలుగురి రాక్ బ్యాండు. ప్రోగ్రాం ఖాయమైతే తాంబూలంలో కొంత అడ్వాన్సు పెట్టి ఇస్తారు: తమలపాకులు, వక్క, లవంగం, పైన నోట్లు. మిగతాది వాయించాక. వాయించాక వాళ్ల ఫోను స్విచ్చాఫ్ అవుతుంది. ట్రాలీ ఆటోకీ, విరిగిన కర్రలకీ పోగా నా వాటాకి బస్సు చార్జీ మిగిలేది.

నాన్న రామచంద్రపురంలో ఒక రైసుమిల్లులో నాకు లెక్కల ఉద్యోగం మాట్లాడారు.

"ఉగాది దాకా చూద్దాం. ఈ డ్రమ్ములతో నీ ఖర్చులు నువ్వు గడుపుకోగలవని చూపించు. లేదంటే నోరెత్తకుండా మిల్లుకెళ్లు" అన్నారు.

నేనెప్పుడు నోరెత్తాను గనక? ఒప్పుకున్నాను.

ఆ మాట అనుకున్నాక ప్రోగ్రాములు రావడం మొదలైంది. ఎవరూ బేరమాడలేదు. మొత్తం డబ్బు ముందే చేతికొచ్చేది. మా గిటారు వాయించేవాడు నోట్లు నాకిచ్చి, ఆకులూ వక్కా తను నములుతూ, "రొయ్యలక్కూడా రాక్ నచ్చిందే" అని నవ్వేవాడు. ఎందుకంటే మొదటిది భీమవరం దగ్గర రొయ్యల చెరువుల ఆసామి ఇంట్లో పుట్టినరోజు.

చెరువు గట్టు పక్కనే స్టేజి కట్టారు. సందె చీకట్లో చెరువుల్లో రొయ్యలకి గాలి అందించే ఏరేటర్ల చక్రాలు నీళ్లను చరుస్తూనే ఉన్నాయి. ఆ చప్పుడు నా తాళానికి కాస్త వెనకగా వస్తూ, ఎవరో నన్ను అనుకరిస్తున్నట్టు ఉంది. అప్పుడు చూశాను. ఆఖరి వరసలో ఒక ఆవిడ ఒంటరిగా కూర్చుంది. మొహానికి మాస్కు, తలమీద కొంగు. ఎడమచేతి మీద కుడిచెయ్యి, ఎడమవైపు కాస్త వాలిన తల.

అమ్మ అలాగే కూర్చునేది. అమ్మ పోయి రెండేళ్లు.

నా కాలు ఒక దెబ్బ తప్పింది. పాట అయిపోయేసరికి ఆ కుర్చీ ఖాళీ.

రావులపాలెం ఫంక్షన్ హాల్లో మళ్లీ కనిపించింది. అదే వరస, అదే తల వాలు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. రాస్తే నిజమైపోతుందని భయం.

తరవాతి తాంబూలం మా ఇంటికే వచ్చింది. ఆకులు విప్పాను. లవంగానికి తల లేదు.

అమ్మకి పంటినొప్పి. తాంబూలాలు కడుతూ ఒక్కో లవంగం తల కొరికి పన్ను కింద పెట్టుకుని, మిగిలిన కాడను ఆకులో పెట్టేది. "తల లేని లవంగం అశుభమండి" అని పక్కింటివాళ్లు గొణిగినా మానేది కాదు. అలా కట్టిన తాంబూలం ఇంకే ఇంట్లోనూ నేను చూడలేదు.

గిటారు వాడికి ఫోన్ చేసి, ఇంతకుముందు వచ్చినవి ఎలా ఉన్నాయని అడిగాను.

"అన్నిట్లోనూ అంతేనే. పురుగు తిందనుకున్నా. ఏంటి, తల లేకపోతే ఘాటు తగ్గుద్దా?"

ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్లడానికి భయం వేసింది. అమ్మే అక్కడ ఆకులు తుడుస్తూ ఉంటుందేమో అనిపించింది.

ఆ ప్రోగ్రాం రాజమండ్రిలోనే, గోదావరి ఒడ్డున ఒక తోటలో. రెండో పాటకే ఆవిడ వచ్చి కూర్చుంది. గిటారు ఒంటరిగా సాగే ఘట్టం రాగానే కర్రలు కింద పెట్టి, స్టేజి పక్కనుంచి దిగాను. దగ్గరికొచ్చేసరికి లవంగం వాసన కొట్టింది. ఆవిడ లేచింది. మాస్కు పైన కళ్లు కనిపించాయి.

"అక్కా!"

"వెళ్లి వాయించు. పాట మధ్యలో లేచొచ్చేస్తారా ఎవరైనా?"

"డబ్బులు నువ్విస్తున్నావా?"

"వాళ్లంతా నాకు తెలిసినవాళ్లే. మీ ఇంట్లో ఫంక్షన్‌కి పాటలు నా బహుమతి, మా చెల్లి బ్యాండు పెట్టుకోండి అని, డబ్బు పెట్టి తాంబూలాలు కూడా నేనే కట్టి పంపాను. తప్పా?"

"అన్నీనా?"

అక్క కిందికి చూసింది. "అన్నీ."

"లవంగాల తలలెందుకు తుంచావు?"

"ఏ లవంగాలు?" అని ఆగిపోయింది. "గొంతు కోసం రోజంతా కొరుకుతుంటానే. తాంబూలాలు కడుతూ కూడా... నేను చూసుకోనేలేదు."

తన వేళ్లకేసి తనే చూసుకుంది, అవి ఎవరివో అన్నట్టు. అంతవరకూ నాదే అనుకున్న భయం అక్క మొహంలో కనిపించింది.

స్టేజి మీదనుంచి గిటారు వాడు, "మా డ్రమ్మర్ గారు తప్పిపోయారండి, ఎవరికైనా దొరికితే ఇవ్వండి!" అన్నాడు. జనం నవ్వారు. వెళ్లి మిగతా పాటలు వాయించాను.

అక్క డబ్బు తీసేస్తే నా సంపాదన సున్నా. నాన్నకి అదే చెప్పాను. ఉగాది దాకా ఆగకుండా మిల్లులో చేరాను. ఇక ప్రోగ్రాములు ఇప్పించవద్దని అక్కకి చెప్పాను. "అమ్మ ఉంటే ఇప్పించేది కాదా?" అంది. "అమ్మ ఉంటే అసలు వాయించనిచ్చేది కాదు" అన్నాను. ఇద్దరం నవ్వాం.

చాన్నాళ్లకి ఒక పిలుపు వచ్చింది. సముద్రం ఒడ్డున ఒక మత్స్యకారుడు కొత్త పడవ దింపుతున్నాడు. ఇదీ అక్క పనేమోనని తన పేరు చెప్పి చూశాను, ఆవిడెవరో ఆయనకి తెలియదు. బేరమాడి సగానికి తగ్గించాడు. అడ్వాన్సు చిన్నది. ఆకు విప్పి చూశాను. లవంగానికి తల ఉంది.

ఆదివారం సాయంత్రం, ఇసుకలో కుర్చీలు. వాయిస్తున్నంతసేపూ ఆఖరి వరసకేసే చూశాను. ఎవరూ లేరు. మనిషి ఉన్నప్పటికన్నా ఆ ఖాళీ కుర్చీలే ఎక్కువ భయపెట్టాయి. గట్టిగా కొట్టాను. పడవ మనుషులు లేచి ఎగరడం మొదలుపెట్టారు. "అమ్మాయిగారూ, ఇంకోటి కొట్టండీ!" అని ఒక ముసలాయన అరిచాడు.

పడవ యజమాని మిగతా డబ్బు తడిచేత్తో లెక్కపెట్టి అక్కడే ఇచ్చాడు. నా వాటాలో బస్సు చార్జీ పోను కొంచెం మిగిలింది. బస్సులో ఆ లవంగం నోట్లో వేసుకుని, తలతో సహా నమిలాను.