నల్ల చేపకు పోసిన నీళ్లు

పెళ్లయిన ముప్పై ఏళ్లలో, ఈ మనిషి కాసేపు నోరు మూసుకుంటే బాగుండునని నేను అనుకోని రోజు లేదు. కొమరోలు చుట్టుపక్కల బోరు మోటార్లు బాగుచేసే పని ఆయనది. పొలాల్లో మోటార్ల హోరు మధ్య అరిచి అరిచి ఇంట్లో కూడా అదే గొంతు. ఉప్పు తెమ్మన్నా వీధి చివరిదాకా వినపడేది. పోయిన ఏడాది ఎండాకాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, ఆ గొంతు మూడూ ఒకేసారి పోయాయి. నేను కోరుకున్నది నాకు దొరికింది. ఆ నిశ్శబ్దంలో నాకే పిచ్చెక్కినట్టుండేది.

వారానికోసారి బస్సులో మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయి వ్యాయామం చేయించేదాన్ని. అక్కడ వరండాలో ఒక గాజు తొట్టి ఉండేది. ఏడు నెలలు ఒక్క మాట లేని మనిషి ఒకరోజు దాని ముందు కూర్చుని "నల్లది" అన్నాడు. ముద్దగా అన్నాడు కానీ, అన్నాడు. చూస్తే ఒక నల్ల చేప గాజుకు మూతి ఆనించి ఈయన్నే చూస్తోంది. నేను పెద్దగా ఏడ్చేశాను. వరండాలో వాళ్లు ఎవరో పోయారనుకుని లేచి నిలబడ్డారు.

వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి నా భుజం పట్టుకుంది. "ఆయన దేన్ని చూసి మాట్లాడినాడో దాన్నే ఇంట్లో పెట్టుకో పెద్దమ్మా. మాటొస్తే దాంతోనే వస్తాది" అంది.

ఆ రోజే చేపల దుకాణం వెతుక్కుంటూ పోయి ఒక గాజు తొట్టి కొన్నాను. దుకాణమాయన రాతి పలకలు కోసే పని తగ్గిపోయాక ఆ వ్యాపారంలోకి దిగాడట. నాకు అన్నీ కావాలనిపించింది. ఎర్రగీత, నీలిగీత మెరిసే సన్న చేపలు చూపించి ఒక పది వేయమన్నాను. "అవి ఉప్పదనం లేని మెత్తటి నీళ్ల చేపలక్కా, మన దగ్గర ఆగవు" అన్నాడు. బంగారు చేప అడిగితే, అది పెద్దదవుతుంది, తొట్టి చాలదన్నాడు. అమ్మేవాడు ఇన్నిసార్లు వద్దనడం నేనెక్కడా చూడలేదు.

"నల్లదే కావాలంటే మోలీ తీస్కపో. రెండు మోలీలు, అందులో ఒకటి నల్లది, నాలుగు గప్పీలు. కొత్తవాళ్లకు అవే మంచివి. మన బోరు నీళ్లంటే వాటికి పానం" అన్నాడు.

మొక్కలు కూడా ఆయనే ఎంచాడు. రిబ్బను ముక్కల్లా పొడుగ్గా పెరిగే గడ్డి ఒకటి. నక్క తోకలా గుబురుగా నీళ్లలో తేలేది ఒకటి. ఇంకొకటి మందపాటి ఆకులది, దాన్ని మట్టిలో పాతకూడదట. పలకరాయి ముక్క ఒకటి తీసి, దాని మీద ఆ మొక్కను పెట్టి నల్లదారంతో కట్టి ఇచ్చాడు. "ముందు మొక్కలు పెట్టు. బోరు నీళ్లు పోసి, వడపోత మోటారు పెట్టి మూడు వారాలు ఉత్తగనే తిరగనీ. చేపలకు తొందరపడొద్దు. నీళ్లు కుదురుకోవాల" అని రెండుసార్లు చెప్పాడు.

అన్నీ విన్నాను, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి ఎందుకు వినలేదో చెప్పాలంటే మా నాయన గురించి చెప్పాలి. ఫ్లోరైడు ఉన్న ఈ బోరు నీళ్లు తాగి ఆయన నడుము వంగిపోయింది. నలభై ఐదేళ్లకే పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పి చూసేవాడు. నా పళ్ల మీద గోధుమ రంగు చారలు ఆ నీళ్లవే. అందుకే మా ఊళ్లో నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు పెట్టిన రోజు నుంచీ తాగేదీ వండేదీ క్యాన్ నీళ్లతోనే. ఈ విషయంలో మొగుడూ పెళ్లాలకు రోజూ గొడవే. మా ఆయన క్యాను ముట్టేవాడు కాదు. "దాంట్లో ఏముందే? ఉన్నదంతా వడగట్టేసి అమ్ముతున్నారు. సచ్చిన నీళ్లు అవి" అని, ఏ పొలంలో మోటారు ఆడితే అక్కడ దోసిలి పట్టేవాడు. "నీ మోకాళ్లు సచ్చేది ఆ నీళ్లతోనే" అని నేను. ఆయన మోకాళ్లు పట్టేశాక నేనే గెలిచానని ఆయనకు ఒప్పుకోక తప్పలేదు.

అలాంటిది, మా ఆయన నోట మాట తెప్పించే చేపను ఆ నీళ్లలో ఎలా వేస్తాను? ఇంటికొచ్చిన చుట్టానికి కూడా పోయని నీళ్లు అవి. దుకాణమాయన పాపం నా మీద క్యాన్ల భారం పడకూడదని అలా చెప్పి ఉంటాడనుకున్నాను. ప్లాంటు నుంచి నాలుగు క్యాన్లు తెప్పించి తొట్టి నింపాను.

మొదటి క్యాను వంచినప్పుడే ఆయన ఎడమ చెయ్యి లేచింది. పెరటి తలుపు వైపు చూపించాడు. పెరట్లో మా బోరు కొళాయి ఉంది. పనిమీద బెంగ పెట్టుకున్నాడనుకుని, "నువ్వు లేచినాక పోదువులే మోటార్ల కాడికి" అని తల నిమిరాను. మళ్లీ చూపించాడు. దాహమేమోనని గ్లాసు నోటికి అందించాను. అదీ క్యాన్ నీళ్లే. తల పక్కకు తిప్పుకున్నాడు.

మూడు వారాలు ఆగాను. ఆ ఆగడం మాత్రం అక్షరం తప్పలేదు. రిబ్బను గడ్డి ఆకులు నీరుకారి, అవతలి గోడ కనపడేంత పలచనయ్యాయి. కొత్తచోటు కదా అనుకున్నాను. చేపలు తెచ్చి, కవరు కాసేపు నీళ్లలో తేలనిచ్చి, తర్వాత వదిలాను. ఆయన కుర్చీ ముందుకు లాగి పెట్టాను. నల్ల మోలీ కనపడగానే ఆయన పెదాలు కదిలాయి. నేను ఆయన నోటి దగ్గర చెవి పెట్టాను. మాట మాత్రం రాలేదు.

నాలుగో రోజు నుంచి మోలీలు ఈదడం మానేసి ఉన్నచోటే ఊగడం మొదలుపెట్టాయి. నేను నీళ్లు మురికయ్యాయని ఇంకో క్యాను తెచ్చాను. మూత తీసి తొట్టి పక్కన పెట్టి చెంబు కోసం వెళ్లాను. ఆయన ఎడమ చేత్తో ఉన్న బలమంతా పెట్టి క్యాను తోసేశాడు. ఇల్లంతా నీళ్లు. నోట్లోంచి ఏదో అరుపు, చెయ్యి మళ్లీ పెరటి వైపే.

"నోరు పోయినా నీకు పొగరు పోలేదే!" అన్నాను. ఎనిమిది నెలలుగా మోసిన మనిషిని అలా అన్నాను. అంతటితో ఆగలేదు. చేపలు చూడ్డానికి నీకు అర్హత లేదని కుర్చీని గోడ వైపు తిప్పి, పొద్దుగూకేదాకా అలాగే ఉంచాను. గచ్చు తుడుస్తూ నేనే ఏడ్చాను. ఆయన ఏడ్చాడో లేదో గోడకే తెలుసు.

రెండు రోజుల్లో గప్పీలు పోయాయి. ఆ తర్వాత మోలీలు. నల్ల మోలీ చివర పోయింది.

మళ్లీ దుకాణానికి పోయి గట్టిగా తగులుకున్నాను, చచ్చే చేపలు అంటగట్టాడని. ఆయన ఓపిగ్గా విని ఒకటే అడిగాడు. "ఏం నీళ్లు పోసినావక్కా?"

గర్వంగానే చెప్పాను, క్యాన్ నీళ్లని.

ఆయన నుదురు పట్టుకున్నాడు. "బోరు నీళ్లని రెండుసార్లు చెప్పినా గదా. ఇవి మా మిద్దె మీద తొట్లో, బోరు నీళ్లల్లో పుట్టినయ్యి. ఆ ఉప్పదనమే వాటికి బలం. మనుషులకు మంచిదని క్యాన్ నీళ్లు పోస్తే వాటికి ఏముంటాది? మొక్కలకైనా ఏముంటాది? వట్టి నీళ్లు అవి."

బస్సులో కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు. సచ్చిన నీళ్లు. ఆ ఎడమ చెయ్యి మొదటి రోజు నుంచీ ఏం చెప్పిందో, క్యాను ఎందుకు తోసిందో అప్పుడు తెలిసింది. మా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. విననిది నేను. ఇల్లు చేరి కాళ్ల దగ్గర కూర్చుని, "బోరు నీళ్లు పొయ్యమనే గదా నువ్వు చెప్పింది? నేనే తప్పు జేసినా మామా" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

తొట్టి కడిగి, పెరటి కొళాయి నీళ్లు పోసి, మొక్కలు, కొత్త చేపలు మళ్లీ అన్నీ పెట్టాను. ఇప్పుడు రిబ్బను గడ్డి తొట్టి అంచు దాటి వంగింది. పలకరాయి మీది మొక్క కొత్త ఆకులు వేసింది. నల్ల మోలీ రెండుసార్లు పిల్లలు పెట్టింది. పక్కింటివాళ్లు సీసాల్లో పట్టుకుపోతున్నారు. నీ చెయ్యి మంచిదని అంటున్నారు.

మార్కాపురం వెళ్లడం మానేశాము. ఇక మీద లాభం లేదని వాళ్లే చెప్పారు. ఆయన ఎడమ చెయ్యి ఇప్పుడు ఒళ్లోనే ఉంటుంది. రోజూ పొద్దున ఆయన కుర్చీ తొట్టి వైపు తిప్పుతాను, కళ్లు మూసుకుంటాడు. గోడ వైపు తిప్పితే తెరుస్తాడు.